రెన్యువల్ పేరు చెప్పి బ్రోకరు 11,210 అడుగుతున్నాడు, కట్టాలా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మేం తిరుపతి కొర్లగుంటలో బాడుగ ఇంట్లో ఉంటున్నాం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఆయన రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పోయిన సంవత్సరం బ్రోకరు ద్వారా ఈ ఇల్లు దొరికింది. బాడుగ నెలకు 11,000. అప్పుడే ఒక నెల బాడుగ ఆయనకు కమీషన్ ఇచ్చాం. మూడు నెలల అడ్వాన్సు 33,000 ఓనరు అకౌంటుకు వేశాం. ఓనరు వాళ్లు బెంగళూరులో ఉంటారు. ఇప్పుడు 11 నెలలు పూర్తయ్యాయి. మేం ఇల్లు మారట్లేదు. బ్రోకరు మాత్రం వాట్సాప్‌లో ఒక లెక్క పంపాడు: రెన్యువల్ కమీషన్ 5,500, అగ్రిమెంటు చార్జీ 2,500, ఇల్లు చెక్ చేసినందుకు 1,500, వీటి మీద జీఎస్టీ 1,710. మొత్తం 11,210. ఇదేంటని అడిగితే, తిరుపతిలో అందరూ ఇంతే కడతారు, 5వ తేదీలోపు కట్టకపోతే ఖాళీ చేయండి, పెయింటింగుకు 15,000 అడ్వాన్సులో కట్ చేస్తాం, తాళం కూడా మార్చేస్తాం అంటున్నాడు. పాప యూకేజీ చదువుతోంది. మధ్యలో ఇల్లు మారలేం. గొడవెందుకు, కట్టేద్దాం అని మా ఆయన అంటున్నారు. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఆ 11,210 ఇప్పుడు కట్టకండి. నెల బాడుగ మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం కానివ్వకండి. ఈ రెండూ వేర్వేరు బాకీలు. బాడుగ మీరు ఓనరుకు ఇవ్వాల్సింది, అందులో వాదనే లేదు. రెండోది బ్రోకరు తనంతట తాను రాసి పంపిన కాగితం. మీ భయమంతా ఎక్కడుందంటే, ఆయన ఈ రెండింటినీ ఒకే ముడి వేసి చూపించాడు. 'నాకు కట్టకపోతే ఇల్లు పోతుంది' అన్నట్టు మాట్లాడాడు. ముందు ఆ ముడి విప్పుదాం.

మీ ఇంటి వ్యవహారంలో ముగ్గురున్నారు. ఇల్లు ఓనరుది. అందులో ఉండే హక్కు బాడుగ కడుతున్న మీది. బ్రోకరు మీ ఇద్దరినీ కలిపాడు, అందుకు 11,000 తీసుకున్నాడు. ఆ పని అక్కడితో అయిపోయింది. ఇప్పుడు రెన్యువల్‌కు ఆయన కొత్తగా చేసిన పనేంటి? ఇల్లు వెతకలేదు, ఓనరును వెతకలేదు, సామాను దించలేదు. మీరు ఉన్న ఇంట్లోనే ఉంటున్నారు. ఒకవేళ ఓనరు ఆయన్ని ఇల్లు చూసుకోవడానికి పెట్టుకుని ఉంటే, ఆయన ఓనరు మనిషి. ఓనరు మనిషికి ఓనరు ఇచ్చుకోవాలి. మీరే పెట్టుకున్న మనిషైతే, ప్రతి 11 నెలలకూ ఇంత ఇస్తామని మీరు ఎక్కడో ఒప్పుకుని ఉండాలి. ఒప్పుకున్నారా? పాత అగ్రిమెంటు తీసి కూర్చుని ఒక్కో పేరా చదవండి. రెన్యువల్ కమీషన్ అనే మాట అందులో ఉండి, కింద మీ సంతకం ఉంటే బేరమాడాల్సి వస్తుంది. లేదంటే ఆ 5,500కు ఆధారమే లేదు. ఊరంతా ఇస్తున్నారన్న మాట మీరు చేసుకున్న ఒప్పందం అవ్వదు.

అసలు ఈ 11 నెలల గొడవ ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌లో మొదట ఉన్న ప్రకారం, ఏడాదికి మించిన కాలానికి ఇల్లు లీజుకు రాసుకుంటే దాన్ని రిజిస్టర్ చేయించాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత ఏ కాలానికి రాసుకున్నా రిజిస్టర్ చేయించాలనే ఉంది, అయినా పాత అలవాటు పోలేదు. ఆ ఖర్చూ, ఆఫీసు చుట్టూ తిరగడమూ తప్పించుకోవడానికి అందరూ 11 నెలలకు రాసుకుంటారు. అంతే తప్ప బ్రోకరుకు మళ్లీ కమీషన్ రావాలని పెట్టిన గడువు కాదు. కొత్త 11 నెలలకు రాసుకోవాలంటే కావాల్సింది మీరు, ఓనరు, ఇద్దరు సాక్షులు, బ్రోకరు కాదు. పాత అగ్రిమెంటులో తేదీలు, బాడుగ మార్చి టైపు చేయించుకోవచ్చు.

ఆ 2,500 అగ్రిమెంటు చార్జీ సంగతి కూడా అక్కడే తేలిపోతుంది. మీ దగ్గరున్న పాత అగ్రిమెంటు మొదటి కాగితం చూడండి. స్టాంపు పేపరు విలువ దాని మీదే అచ్చేసి ఉంటుంది. ఎప్పుడు కొన్నారు, ఎవరి పేరున కొన్నారు అని వెండరు చేత్తో రాసి సంతకం పెట్టి ఉంటాడు. అది 100 రూపాయల పేపరైతే, మిగతా 2,400 దేనికో ఆయన్ని లెక్క చెప్పమనండి. టైపింగు, జిరాక్సు, ఆటో చార్జీ కలుపుకున్నా నాకు ఆ లెక్క తేలట్లేదు. అయిన ఖర్చు బిల్లు చూపిస్తే ఓనరు సగం, మీరు సగం పెట్టుకుంటామని చెప్పండి. అది న్యాయమైన మాట, ఎవరి దగ్గరైనా నిలబడే మాట.

ఇల్లు చెక్ చేసినందుకు 1,500 గురించి ఎక్కువ చెప్పను. ఓనరు తన ఇల్లు ఎలా ఉందో తెలుసుకోవాలనుకుంటే ఆ ఖర్చు ఓనరుది.

జీఎస్టీ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట వినగానే 'గవర్నమెంటు ట్యాక్సు కదా' అని కట్టేస్తారు. ఒక మనిషి జీఎస్టీ వసూలు చేయాలంటే ముందు ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. సేవలు అందించేవాళ్లకు మామూలుగా ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితేనే ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ట్యాక్సు పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని జీఎస్టీ చట్టం 32వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఉన్నవాళ్లయితే పద్ధతి ప్రకారం బిల్లు ఇవ్వాలి. దాని మీద అక్షరాలు, అంకెలు కలిపి 15 స్థానాల నంబరు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ అయిన నంబరు 37తో మొదలవుతుంది. ఆ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో టైపు చేస్తే ఎవరి పేరు మీద ఉందో మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. కాబట్టి మీరు వాదించక్కర్లేదు. 'జీఎస్టీ నంబరుతో బిల్లు పంపండి సార్' అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఇంకో సంగతి, మీలాంటి కుటుంబం కాపురం ఉండటానికి తీసుకున్న ఇంటి బాడుగ మీద జీఎస్టీ లేదు. రేపు బాడుగకు కూడా 18 శాతం కలపమంటే నమ్మకండి.

ఇక పెయింటింగు. మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది ఇదే అనుకుంటాను, 15,000 అంటే అడ్వాన్సులో దాదాపు సగం. అడ్వాన్సు ఓనరు అకౌంటులో ఉంది కాబట్టి దాన్ని కట్ చేస్తానని చెప్పడానికి బ్రోకరు ఎవరు? అది ఓనరుకూ మీకూ మధ్య విషయం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో, ఇల్లు ఎలా తీసుకున్నారో అలా తిరిగి అప్పగించాలి, కానీ వాడుకలో మామూలుగా వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంటుంది అని రాసి ఉంది. గోడ రంగు కాస్త వెలిసిపోవడం, సోఫా ఆనిన చోట మరక పడటం, స్విచ్చుల చుట్టూ వేలిముద్రల నలుపు, ఇవన్నీ ఆ అరుగుదల కిందికే వస్తాయని నా ఉద్దేశం. పాప క్రేయాన్లతో హాలు గోడంతా గీసి ఉంటే అది వేరు, ఆ గోడ వరకు మీరు వేయించండి. 2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఈ పనులను విడదీసి ఒక పట్టికే ఇచ్చారు. గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు పెయింటు, అవసరమైతే పైపులు మార్చడం, వైరింగు ఓనరు వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తలుపు గొళ్లాలు బాడుగకున్నవాళ్ల వంతు. ఇంటికి ఇచ్చే అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదని కూడా అందులోనే ఉంది. అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా కాబట్టి, దాన్ని పట్టుకుని నేరుగా మీరు కేసు వేయలేరు. కానీ ఓనరుతో మాట్లాడేటప్పుడు, న్యాయం ఎటుందో చూపించడానికి బాగా పనికొస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను: ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఇంత అని మీ అగ్రిమెంటులోనే రాసి ఉంటే ఆ మేరకు మీరు ఒప్పుకున్నట్టే. మన తిరుపతిలో ఒక నెల బాడుగ అని రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది కూడా చూసుకోండి. ఒక నెల అని రాసి ఉన్నా 11,000 అవుతుంది, 15,000 ఎలా అయ్యిందో ఆయనే చెప్పాలి.

తాళం మారుస్తామన్న మాట దగ్గర మీరు మెత్తబడకండి. 11 నెలలు పూర్తయినంత మాత్రాన మర్నాటి నుంచి మీరు దారిన పోయేవాళ్లు అయిపోరు. గడువు దాటాక కూడా మీరు ఉంటూ, ఓనరు బాడుగ తీసుకుంటూ ఉంటే, అగ్రిమెంటులో వేరేగా రాసుకోనంత వరకు, అది నెలనెలా కొనసాగే బాడుగ అవుతుంది. దాన్ని ముగించాలంటే ఓనరు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది కూడా రాతపూర్వకంగా. నోటీసు తర్వాత కూడా మిమ్మల్ని బలవంతంగా బయటికి పంపే అధికారం ఎవరికీ లేదు, కోర్టు ద్వారానే రావాలి. ఎవరైనా దౌర్జన్యంగా ఇల్లు ఖాళీ చేయిస్తే ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి తిరిగి స్వాధీనం అడిగే హక్కు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ఇచ్చింది. నిజంగా తాళం మీద చెయ్యి వేస్తే ఆలోచించకుండా 112కు ఫోన్ చేయండి. ఇరుగుపొరుగును పిలవండి, వీడియో తీయండి. నా అనుభవంలో, ఇలా ఫోన్‌లో గట్టిగా బెదిరించేవాళ్లు రాతలో పెట్టమంటే వెనక్కి తగ్గుతారు.

ఇది నేను ఊరికే అనట్లేదు. చాలా ఏళ్ల కిందట మేం బైరాగిపట్టెడలో ఒక పోర్షన్‌లో ఉండేవాళ్లం. ఖాళీ చేసేరోజు సామానంతా లారీలోకి ఎక్కించాక బ్రోకరు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. కీ చార్జీ 2,000 ఇస్తే కానీ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఇవ్వను అన్నాడు. పక్కింటివాళ్లు, కింద కిరాణా కొట్టు ఆయన, అందరూ చూస్తున్నారు. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. సిగ్గేసి ఇచ్చేశాను. ఆ తర్వాత కార్తీక మాసంలో పంచమి తీర్థానికి తిరుచానూరు వెళ్తే, పుష్కరిణి దగ్గర జనంలో ఆ ఓనరమ్మ కనిపించింది. మాటల్లో ఆ సంగతి చెబితే ఆమె మొహం మాడిపోయింది. కీ చార్జీ అనే మాటే ఆమె వినలేదట. పైగా మేం ఖాళీ చేసిన ఇంటికి క్లీనింగ్ అని ఆమె దగ్గర కూడా అదే రోజు డబ్బు తీసుకున్నాడట. ఆ రోజు గేటు దగ్గర నుంచే ఆమెకు ఒక్క ఫోన్ చేసి ఉంటే అయిపోయేది. ఎందుకు చేయలేదంటే, ఓనరుతో ఏదైనా బ్రోకరు ద్వారానే మాట్లాడాలని మేం అనుకునేవాళ్లం.

అందుకే మీరు ముందు చేయాల్సిన పని, ఓనరుకు నేరుగా ఫోన్ చేయడం. బ్రోకరు మీద ఫిర్యాదులా మొదలుపెట్టకండి. "సార్, కొత్త అగ్రిమెంటు గురించి మాట్లాడదామని చేశాను. మేం ఇంట్లోనే ఉంటాం. రెన్యువల్ కోసం 11,210 అడిగారు, అది మీరు చెప్పిందేనా?" అని అడగండి. అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు, ఆయన చెప్పేది వినండి. తెలియదు అంటే మీ సమస్య దాదాపు తీరినట్టే. ఇల్లు శుభ్రంగా పెట్టుకుని నెలనెలా బాడుగ వేసే కుటుంబాన్ని ఏ ఓనరూ వదులుకోడు. బెంగళూరు నుంచి వచ్చి మళ్లీ టులెట్ బోర్డు కట్టి, ఒకటి రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంచుకోవడం ఆయనకూ నష్టమే.

ఫోన్ అయ్యాక మాట్లాడింది మెసేజ్‌లో పెట్టండి. బ్రోకరుకూ పెట్టండి. ఇలా రాస్తే చాలు: "నమస్తే సార్. మీరు పంపిన 11,210 లెక్క చూశాం. మన అగ్రిమెంటులో రెన్యువల్ కమీషన్, చెకింగ్ చార్జీ లేవు. ఉంటే ఏ పేరాలో ఉన్నాయో చెప్పండి. స్టాంపు పేపరు, టైపింగు ఖర్చు బిల్లు చూపిస్తే మా వాటా ఇస్తాం. జీఎస్టీ ఉంటే జీఎస్టీ నంబరుతో బిల్లు పంపండి. ఈ నెల బాడుగ ఓనరుగారి అకౌంటుకు వేశాం." కోపం వద్దు, వెటకారం వద్దు. రేపు ఇంకెవరైనా చదివినా మీరు మర్యాదగా మాట్లాడినట్టు ఉండాలి. ఇంతకుముందు ఆయన పంపిన లెక్క, బెదిరించిన వాయిస్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి మీ ఆయన ఫోన్‌లో కూడా ఉంచండి. బాడుగ వేసేటప్పుడు యూపీఐలో ఏ నెలదో నోట్ రాయండి. ఇల్లు ఇప్పుడెలా ఉందో, ప్రతి గదీ, బాత్రూమ్ టైల్స్, సింకు కింద కూడా, తేదీ పడేలా ఒక వీడియో తీసి ఓనరుకే పంపించేయండి.

ఓనరు కూడా బ్రోకరు వైపే మాట్లాడితే? అలా జరగదని నేను హామీ ఇవ్వలేను. కొందరు ఓనర్లు అంతా ఆయనకే వదిలేసి ఉంటారు. కొత్తగా అగ్రిమెంటు రాయాలా వద్దా అన్నది చివరికి ఓనరు ఇష్టం. ఆ పరిస్థితి వస్తే పట్టుదలకు పోకుండా లెక్క వేసుకోండి. ఇల్లు మారాలంటే కొత్త ఇంటికి మళ్లీ కమీషన్, మళ్లీ అడ్వాన్సు, సామాను బండి, పాప స్కూలు ఆటో, ఇవన్నీ కలిపితే 20,000 సులువుగా దాటుతుంది. అప్పుడు కొంత ఇచ్చి సర్దుకోవడం ఓటమి కాదు. కానీ రెండు షరతులు పెట్టండి. ఒకటి, ఇచ్చే ప్రతి రూపాయికీ రసీదు. రెండోది, ఇకపై రెన్యువల్‌కు బాడుగదారు ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదని, పెయింటింగుకు ఇంతకు మించి కట్ చేయకూడదని కొత్త అగ్రిమెంటులో రాయాలి. ఆ రెండు వాక్యాల కోసం ఓనరును గట్టిగా అడగండి. వచ్చే ఏడాది ఇదే తలనొప్పి మళ్లీ రాకుండా ఉంటుంది.

మీరు అమ్మాయి కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరు సాయం అందుతుంది. 15100కు ఫోన్ చేసి అడగండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ చేసే ఏర్పాటు ఉంది. ఇలాంటి చిన్న మొత్తాలకు నేనైతే అదే మేలంటాను. బ్రోకరు సేవకు మీరు డబ్బు ఇచ్చారు కాబట్టి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయొచ్చు. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. కాకపోతే వాయిదాలకు తిరగాలి, మీ డ్యూటీలు మీకున్నాయి. అందుకే దాన్ని చివరికి ఉంచుకోమంటాను.

మన దగ్గర బాడుగ ఇంటి కమీషన్ ఊరి వాడుకను బట్టే నడుస్తోంది. ఇల్లు చూడకముందే 'మొత్తం ఎంత, ఎన్నిసార్లు, ఇంకేమైనా ఉందా' అని మనమే అడిగి రాయించుకోవాలి. మన పిల్లలు చదువుకు వెళ్లే ఇంగ్లండులోనూ ఈ బాధ ఉండేది. లెటింగ్ ఏజెంట్లు రెఫరెన్స్ చెకింగ్ అనీ, రెన్యువల్ అనీ, సామాను జాబితా రాసినందుకనీ బాడుగకు వచ్చినవాళ్ల దగ్గరే వసూలు చేసేవాళ్లు. 2019 జూన్ 1 నుంచి టెనెంట్ ఫీజ్ చట్టం తెచ్చి దాన్ని ఆపారు. చట్టంలో చెప్పిన కొద్ది రకాల చెల్లింపులు తప్ప ఇంకేమీ అడగకూడదు, ఓనరు పెట్టుకున్న ఏజెంటుకు ఓనరే ఇచ్చుకోవాలి. మీ బ్రోకరు పంపిన లెక్క అక్కడైతే మొదటి లైనులోనే ఆగిపోయేది. మన దగ్గర కూడా అంత సూటిగా ఒక చట్టం రావాలని నాకు చాలా కోరిక.

మీ ఆయనకు కూడా ఈ జవాబు చదివి వినిపించండి. గొడవెందుకు అని ఆయన అనడంలో తప్పు లేదు, పగలంతా ఫ్యాక్టరీలో కష్టపడి వచ్చిన మనిషికి ఇంటి దగ్గర ప్రశాంతత కావాలి. కానీ ఓనరుకు చేసే ఫోన్ గొడవ కాదు. ఈ రాత్రి పాప పడుకున్నాక ఇద్దరూ కూర్చుని అగ్రిమెంటు చదవండి. ఓనరు నంబరు మీ దగ్గర లేకపోతే, మీరు అడ్వాన్సు వేసిన అకౌంటు పేరు, కరెంటు బిల్లు మీదున్న పేరు ఒకటేనేమో చూసి ఓనరు పేరు ఖాయం చేసుకోండి. అగ్రిమెంటు మొదటి పేజీలో ఆయన అడ్రసు ఉంటుంది, ఆ అడ్రసుకు స్పీడ్ పోస్టులో ఇదే సంగతి ఉత్తరంగా రాసినా సరిపోతుంది. 5వ తేదీ వచ్చేలోపు బాడుగ వేసి, ఆ స్క్రీన్‌షాట్ ఓనరుకు పంపండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి, కొత్త అగ్రిమెంటులో ఆ రెండు వాక్యాలు ఎలా రాయాలో అప్పుడు కలిసి చూద్దాం.